వీపు మీద జేబు

ఉరికంబం ఎక్కే మెట్లలో చివరిది తక్కినవాటికంటే నాలుగు వేళ్ళు పొట్టిగా ఉంది. పక్కన గోడకు పెట్టిన బోర్డులో ఆ సంగతి లేదు. తాడు ఎంత మందం, కాళ్ళ కింది తలుపు ఎంత చప్పుడుతో తెరుచుకునేది, ఆఖరివాడు ఆ రోజు ఏం తిన్నాడు, అన్నీ రాశారు. నేను మాత్రం ఆ మెట్టు దగ్గరే ఆగిపోయాను. కాళ్ళు వణికేవాడు తట్టుకుని పడిపోకూడదని ఏ వడ్రంగో ఆ ఒక్క మెట్టునూ తగ్గించి ఉంటాడు. చెక్క చాలక కూడా తగ్గించి ఉండవచ్చు. నేను మొదటిదే అనుకున్నాను.

"బావా, మెట్లు కొలవడానికొచ్చామా? పైకి రా, తాడు చూద్దువుగాని," అన్నాడు మా బావమరిది.

అతను నా భార్యకు తమ్ముడు. ముప్పై ఏళ్ళు బస్సులో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. గొంతు మాత్రం ఇంకా రిటైరవలేదు. మా ఆవిడ పోయి పదకొండు నెలలు. అప్పటినుంచి ఇల్లు కదలని నన్ను కదిలించడం తన బాధ్యత అనుకుంటాడు. ఈసారి ఒక టికెట్టు పట్టుకొచ్చాడు. ఊళ్ళో జనం భయపడటానికి వెళ్ళే చోట్లు నాలుగింటికీ కలిపి ఒకటే టికెట్టు, దాని మీద నవ్వుతున్న పుర్రె బొమ్మ. పాత జైలు, మెడికల్ కాలేజీ సీసాల గది, శవాల బళ్ళ మ్యూజియం, చివరికి పాత పిచ్చాసుపత్రి.

"నాలుగోది నీకోసమే బావా," అన్నాడు పొద్దున్నే. "అక్క పనిచేసిన చోటు. మ్యూజియం చేశాక నువ్వు మొహమైనా చూపించలేదుగా అక్కడ."

సీసాల గదిలో నెలలు నిండని పసికందు ఒకటి ఉంది. సీసాకు చీటీ అంటించడానికి బోలెడంత చోటుంది. అయినా ఎవరో దాన్ని సరిగ్గా ఆ పసిముఖం మీదికి వచ్చేలా అంటించారు. శవాల బళ్ళలో ఒకదాని చక్రాలకు తోలు చుట్టారు, రోగులు పడుకున్న వీధిలోంచి చప్పుడు లేకుండా పోవడానికట. ఈ రెండూ నేను బావమరిదికి చూపించాను.

"నిన్ను నరకానికి తీసుకెళ్ళినా, నూనె బాగా కాగిందంటావు బావా," అన్నాడతను.

నేను కాలేజీలో ముప్పై మూడేళ్ళు వృక్షశాస్త్రం చెప్పాను. అందువల్ల మ్యూజియంలో ముందుగా నా కళ్ళు పడేది వస్తువు మీద కాదు, చీటీ మీద. ఎండబెట్టిన మొక్కలను అట్టలకు అతికించి బీరువాల్లో దాచే గది ఒకటి మా కాలేజీలో ఉండేది. దానికి నేనే బాధ్యుణ్ణి. అక్కడ ఒక నియమం ఉంది. ఎవరైనా మొక్క పేరు తప్పు రాస్తే ఆ చీటీ చింపకూడదు, కొట్టివేయకూడదు. దాని కింద ఇంకో చీటీ అతికించి, సరైన సంగతి రాసి, పేరూ తేదీ వేసి సంతకం చెయ్యాలి. తప్పినవాడి చీటీ, దిద్దినవాడి చీటీ రెండూ అట్ట మీద ఉండాలి. రేపు ఇంకొకడు వచ్చి నాదే తప్పంటే, అతని చీటీ నా చీటీ కిందికి వస్తుంది. ఆ ఖాళీ చీటీలు ఇప్పటికీ నా జేబులో ఉంటాయి. కూరగాయల జాబితా కూడా వాటి మీదే రాసుకుంటాను.

నేను నెమ్మదైనవాణ్ణని అందరూ అంటారు. మా ఆవిడ మాత్రం అనేది కాదు. "మీకు కోపం లేక కాదండీ, బద్ధకం," అనేది.

పిచ్చాసుపత్రి గేటు మారలేదు. సాయంత్రాలు ఆ గేటు పక్కనే సైకిలు ఆనించుకుని ఆవిడ కోసం నిలబడేవాణ్ణి. ఇరవై ఆరేళ్ళు ఆవిడ అక్కడ కుట్టుగదిలో పనిచేసింది. రోగుల గౌన్లు, దిండు గలీబులు, కిటికీ తెరలు. పొడుగాటి వరండా చివరి గది అది. ఎడమ వైపు రెండో కిటికీ కింద ఆవిడ మిషను. వెలుతురు అక్కడే బాగుండేదట.

ఇప్పుడా కిటికీలకు నల్లగుడ్డ కొట్టి, లోపల ఎర్రబల్బు పెట్టారు. ఎక్కడో దాచిన స్పీకరులోంచి ఒక ఆడమనిషి ఏడుపు వస్తోంది. రెండు నిమిషాలకోసారి మళ్ళీ మొదలవుతుంది. గది మధ్యలో అరుగు మీద ఒక బొమ్మ నిలబడి ఉంది. దాని ఒంటి మీద చొక్కా. వేళ్ళు బయటికి రాకుండా చివర్లు కుట్టేసిన పొడుగాటి చేతులు. ఆ చేతులను వెనక్కి లాగి పిన్నులు పెట్టారు. వీపు మీద రెండు తాళ్ళు ముడేశారు. ముందు భాగంలో గుడ్డ ఆ బొమ్మ గొంతుకు నొక్కుకుపోయి ఉంది.

అరుగు ముందున్న చీటీ చదివాను. "హింసాచొక్కా. రోగుల చేతులను వెనక్కి విరిచి కట్టేందుకు ఈ గదిలోనే కుట్టినది."

అరుగు చుట్టూ తిరిగి వెనక్కి వెళ్ళాను. బొమ్మ వీపు మీద, కుడి పక్కన, ఒక జేబు ఉంది.

చిన్న జేబు, మూలలు గుండ్రంగా. తాడు పక్కన గుడ్డ అంచు మడత పడి లోపలి అస్తరు కనిపిస్తోంది. నీలం గళ్ళ గుడ్డ. ఆ గళ్ళు నాకు తెలుసు. అది మా పక్కదుప్పటి.

"ఎవరికైనా ధైర్యముందా?" అంటోంది గైడు. పాతికేళ్ళ పిల్ల, చెవి దగ్గర చిన్న మైకు. మూలన కొక్కేలకు అచ్చం అలాంటివే కొత్త చొక్కాలు నాలుగు వేలాడుతున్నాయి. "వేసుకుని ఫొటో దిగండి! నాలుక బయటపెట్టి కళ్ళు తేలేస్తే ఇంకా బాగా వస్తుంది. మీవారికి కట్టేయండి మేడమ్, మళ్ళీ ఇలాంటి ఛాన్సు రాదు!"

జనం నవ్వారు. ఒకాయనకు వాళ్ళావిడ వెనక ముడేసింది. అతను నాలుక బయటపెట్టాడు. ఫ్లాష్ వెలిగింది.

"అమ్మా," అన్నాను. "ఆ చొక్కా బొమ్మకి తిరగేసి తొడిగారు."

"క్వశ్చన్స్ చివర్లో అంకుల్."

"నేను అడగట్లేదమ్మా, చెప్తున్నాను. ఆ తాళ్ళు ముందుకి రావాలి. అది చేతులు కట్టే చొక్కా కాదు."

"మీకెలా తెలుసు అంకుల్?"

నేను నోరు తెరిచేలోపు వెనకనుంచి ఎవరో అందుకున్నారు. "ఆయన ఇక్కడే ఉండేవాడేమోనమ్మా, కాస్త దూరంగా నిలబడు!"

గది ఘొల్లుమంది. మా బావమరిది కూడా నవ్వాడు. బస్సులో ఎవరు జోకేసినా నవ్వే అలవాటు కొద్దీ నవ్వాడు. నా మొహం చూసి ఆపేశాడు.

అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏమిటో డెబ్భై ఏళ్ళకి తెలిసింది నాకు. బావమరిది నా మోచెయ్యి పట్టుకుని వరండాలోకి లాక్కొచ్చాడు.

"ఏమైంది బావా? ఎందుకా పిల్లతో గొడవ?"

"అది మీ అక్క కుట్టింది."

"ఏది, ఆ... అదా?" వెనక్కి తిరిగి చూశాడు. గొంతు ఒక్కసారిగా తగ్గించాడు. "అయితే మరీ మంచిది, నోర్మూసుకుని ఇంటికెళ్దాం పద. హింసాచొక్కా మా అక్కే కుట్టిందని నలుగురికీ చాటుకుంటావా?"

"హింసాచొక్కా కాదురా!" నేనతన్ని ఎప్పుడూ 'రా' అనలేదు. అతను కళ్ళు పెద్దవి చేశాడు.

చెప్పాను. ఆడవాళ్ళ వార్డులో ఎనిమిదో మంచం మీద ఒకావిడ ఉండేది. నిద్రలో తన ముఖాన్ని తనే గీరుకునేది. లేచేసరికి దిండంతా నెత్తురు. మెలకువలో మామూలు మనిషే, ఏడ్చేది. ఆసుపత్రివాళ్ళు చేతులు మంచానికి కట్టేసేవారు. కుట్టుగదికి బట్టలు మడతపెట్టడానికి వచ్చినప్పుడు ఆవిడే మా ఆవిణ్ణి అడిగింది, కట్టకుండా ఏదైనా కుట్టవా అమ్మా అని. మా ఆవిడ కుట్టింది. ముఖానికి గోళ్ళు తగలకుండా చివర్లు మూసింది, లోపల మెత్తగా ఉండాలని మా దుప్పటి వేసింది. మణికట్టు దగ్గర సందు పెట్టింది, తెల్లవారాక చెయ్యి బయటికి తీసుకోవడానికి. తాళ్ళు ఛాతీ మీద పెట్టింది, నోటితో పట్టుకుని లాగితే ఊడిపోయేలా. మెలకువ వస్తే ఎవర్నీ బతిమాలకుండా తనే విప్పుకోవచ్చు.

"మరి జేబెందుకు?"

"ఆవిడే అడిగింది. ఆ వార్డులో ఎవరి బట్టలకీ జేబులుండేవి కావు. రోగికి సొంతానికి ఏమీ ఉండకూడదని రూలు. మొత్తం వార్డులో అదొక్కటే జేబు. మిగతావాళ్ళు వచ్చి అందులో చెయ్యి పెట్టి చూసుకునేవారట. ఆవిడ అందులో ఏం దాచుకుందో మీ అక్క మాత్రం ఎప్పుడూ చూడలేదు."

బావమరిది నా భుజం తట్టాడు. "సరేలే బావా. అక్క ఇప్పుడొచ్చి చూస్తుందా, బాధపడుతుందా? పోనీలే."

"పోనీలే అనకు," అన్నాను. "ఆ మాట ఈ గది విషయంలో ఇదివరకే ఒకసారి అనేశాను. ఇంక అనను."

అతనికి అర్థం కాలేదు. నేను విడమర్చలేదు.

ఆఫీసరు గది మేడ మీద ఉంది. నలభై ఏళ్ళ మనిషి, శుభ్రమైన బల్ల, మర్యాదగా కూర్చోమన్నాడు. చెప్పిందంతా విన్నాడు. మధ్యలో ఒక్కసారి కూడా గడియారం చూడలేదు, అది నేను గమనించాను. చివరికి తల ఊపాడు.

"మాష్టారూ, ఒక మాట చెప్పనా? ఇక్కడ పనిచేసినవాళ్ళ ఇళ్ళవాళ్ళు నెలకొకరు వస్తారు. మా నాన్న ఎవర్నీ కొట్టలేదు అంటారు, మా అత్త గొలుసులు వెయ్యలేదు అంటారు. అందరూ మంచివాళ్ళే అయితే ఈ గొలుసులు ఎవరేశారండీ?"

"గొలుసులు నిజమే. రోగుల్ని చన్నీళ్ళలో ముంచిన గది నిజమే. వాటి చీటీలు నేను దిద్దమనట్లేదు. నేనడిగేది ఈ ఒక్క చొక్కా గురించే."

"మేం ఊహించుకుని రాయలేదు సార్." లేచి బీరువాలోంచి అట్టలు ఊడిన రిజిస్టరు తీశాడు. పేజీలు తిప్పి నా ముందు పెట్టాడు. "కుట్టుగది. 'చేతులు బంధించు చొక్కాలు, పద్నాలుగు.' అప్పగించినవారి సంతకం చూడండి."

చూశాను. పేరు చివర అక్షరానికి తోక పొడుగ్గా లాగడం ఆవిడ అలవాటు. పాల లెక్క రాసినా అలాగే లాగేది. బావమరిది కూడా నా భుజం మీంచి వంగి చదివాడు. అతని ఊపిరి నా చెవికి తగిలింది, తర్వాత తగలడం మానేసింది.

"పద్నాలుగు కుట్టింది," అన్నాను. "నాకు తెలుసు. ఇది వాటిలోది కాదు."

"తెలుసా?" అన్నాడు ఆఫీసరు.

"తెలుసా?" అన్నాడు బావమరిది.

తెలుసు. ఆసుపత్రికి కొత్త పెద్దాయన వచ్చిన ఏడు అది. ఒక సాయంత్రం ఆవిడ ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే కుర్చీలో కూర్చుంది. "రేపట్నుంచి చేతులు కట్టే చొక్కాలు కుట్టాలటండీ. నేను కుట్టనంటే ఏమవుతుంది?" అంది. నేను పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. తలెత్తకుండానే అన్నాను. "ఉద్యోగం కదా. పోనీలే, కుట్టెయ్. నువ్వు కుట్టకపోతే ఇంకొకరు కుడతారు."

ఆవిడ కుట్టింది. నెలన్నర పట్టింది. ఆ నెలన్నర ఇంట్లో మిషను ముట్టుకోలేదు, నా చొక్కా గుండీ ఊడితే దారం, సూది నా ముందు పెట్టి వెళ్ళిపోయింది. పద్నాలుగోది అప్పగించిన వారానికి మా కొత్త దుప్పటి కనబడలేదు. ఏదని అడిగితే, "కత్తిరించాను," అంది. కొత్త దుప్పటి కదా అని నేను అరవబోయాను. ఆవిడ చూసిన చూపుకు నోరు మూసుకున్నాను.

ఇదంతా ఆఫీసరు ముందు, బావమరిది ముందు చెప్పాను. చెప్పడం తేలికగా ఏమీ లేదు.

"అయితే ఆ పద్నాలుగూ ఏవండీ?" అన్నాను. "అవి పెట్టండి అరుగు మీద. ఆవిడ పేరు కూడా రాయండి, నేను కాదనను. ఏవి?"

ఆఫీసరు మొదటిసారి నీళ్ళు నమిలాడు. "దొరకలేదండీ. ఆసుపత్రి మూసేసేటప్పుడు అలాంటివన్నీ పెరట్లో వేసి తగలబెట్టించారట. ఇదొక్కటే, దిండ్ల కింద ఉంటే..."

"అంటే నేరం చేసినవన్నీ బూడిదైపోయాయి. ఏ నేరమూ ఎరగని ఒక్కటీ దొరికితే, దాన్ని నిలబెట్టి చేతులు విరిచి జనం చేత నవ్విస్తున్నారు. తగలబెట్టించినవాళ్ళ గురించి ఒక్క చీటీ అయినా రాశారా కింద?"

నా గొంతు ఎంత పెరిగిందో పక్క గదిలోని గుమాస్తా వచ్చి తలుపు దగ్గర నిలబడితే గాని తెలియలేదు.

"మీరు బాధలో ఉన్నారు," అన్నాడు ఆఫీసరు.

"బాధ కాదు. కోపం."

"అర్జీ రాసివ్వండి. కమిటీకి పెడతాను. వాళ్ళు ఆరు నెలలకోసారి కూర్చుంటారు. అంతవరకూ వస్తువుని కదపడానికి, ముట్టుకోవడానికి నాకే అధికారం లేదు, నిజంగా."

మెట్లు దిగుతుంటే బావమరిది నాకు ఒక మెట్టు వెనకే నడిచాడు. సగం మెట్లు దిగాక అన్నాడు.

"పద్నాలుగా?"

"పద్నాలుగు."

"కుట్టెయ్ అన్నావా నువ్వు?"

"అన్నాను."

టికెట్టు లేకుండా దొరికినవాణ్ణి చూసినట్టు చూశాడు నన్ను. ముప్పై ఏళ్ళుగా నా మీద అతనికున్న గౌరవం ఎంతో ఆ చూపులో తెలిసింది, ఎందుకంటే అది ఆ మెట్ల మీదే దిగిపోతోంది. "ఆ మనిషి నాకు చిన్నప్పుడు నిక్కర్లు కుట్టేది బావా," అన్నాడు. నన్ను దాటుకుని గబగబా ముందుకు వెళ్ళిపోయాడు. ఇంటికి వెళ్ళిపోతున్నాడనుకున్నాను.

కాదు. వరండా చివరి గదిలోంచి అతని గొంతు వినిపించింది. "జరగండి, జరగండి, ముందుకు జరగండి! దారివ్వండమ్మా!"

నేను వెళ్ళేసరికి కొక్కెం మీది కొత్త చొక్కా ఒకటి అతని చేతిలో ఉంది. కొత్త జనం, పాత ఏడుపే స్పీకరులో. గైడు కంగారుగా చూస్తోంది.

"అసలు వస్తువు ముట్టుకోకూడదు, బాగుంది. ఇది ఫొటోలకి పెట్టిందే కదా? దీన్ని ముట్టుకోవచ్చు కదా?"

"ముట్టుకోవచ్చు అంకుల్. రండి, వెనక నేను కడతాను."

"వెనకెందుకు? నాకు చేతకాదా?" అని, మామూలు కోటు తొడుక్కున్నట్టు వేసుకున్నాడు. తాళ్ళు ఛాతీ మీదికి వచ్చాయి. మణికట్టు సందుల్లోంచి చేతులు బయటికి తీసి, వదులుగా ముడేసుకుని, మళ్ళీ చేతులు లోపలికి లాక్కున్నాడు.

"తిరగేసి వేసుకున్నారు అంకుల్," అంది గైడు.

"నేను తిన్నగానే వేసుకున్నాను తల్లీ. మీ బొమ్మే తిరగేసి వేసుకుంది. ఇప్పుడు చూడు." గడ్డం కిందికి వంచి తాడు కొస పళ్ళతో పట్టుకుని లాగాడు. ముడి ఊడింది. చొక్కా తెరుచుకుంది. జనంలో ఎవరో ఈల వేశారు. "కట్టిపడేసే చొక్కా అయితే, కట్టించుకున్నవాడు ఒక్క లాగుకి బయటపడతాడా? ఇదిగో, ఇంకోటి." సందులోంచి చెయ్యి బయటపెట్టి, గుండె మీదున్న జేబులో వేళ్ళు దూర్చాడు. "నా మొహం చూసి చెప్పండి. ఎవరైనా జేబు వీపు మీద కుట్టించుకుంటారా? జేబుదొంగకి వీలుగా ఉంటుందనా?"

ఈసారి కూడా నవ్వారు. కానీ నవ్వుతూ అందరూ బొమ్మ వెనక్కి వెళ్ళారు. ఆ జేబు చూశారు. ఒకావిడ బొమ్మ గొంతు దగ్గర నొక్కుకున్న గుడ్డ చూసి తన మెడ తడుముకుంది. నవ్వు అక్కడక్కడా తగ్గి, గదిలో స్పీకరు ఏడుపొక్కటే మిగిలింది.

"ఆ కూత ఆపమ్మా," అన్నాడు బావమరిది. "ఇది కుట్టింది మా అక్క."

బస్సు నిండా జనాన్ని గొంతుతో నడిపించినవాడు, వేళ్ళు ఆ జేబులోనే పెట్టుకుని నిలబడిపోయాడు. గైడు గోడ దగ్గరికి వెళ్ళి స్పీకరు ఆపింది. ఎవరూ చెప్పకుండా కిటికీ మీది నల్లగుడ్డ కొంచెం పక్కకు లాగింది. రెండో కిటికీ అది. ఆవిడ చెప్పింది నిజమే, వెలుతురు అక్కడ బాగుంది.

నేను జేబులోంచి చీటీ తీశాను. రాయడానికి బల్ల లేదు.

"వీపు ఇవ్వు," అన్నాను బావమరిదితో.

అతను నా వైపు చూడకుండానే తిరిగి, కొంచెం వంగి నిలబడ్డాడు. అతని వీపు మీద పెట్టి రాశాను.

"ఇది చేతులు కట్టే చొక్కా కాదు. నిద్రలో ముఖం గీరుకునే ఒక రోగి కోరగా కుట్టినది. తాళ్ళు ముందుకు ఉండాలి. వేసుకున్నవారే విప్పుకోగలరు. జేబు రోగి అడిగినది. బొమ్మకు తిరగేసి తొడిగారు. దీన్ని కుట్టిన చేతులే అంతకుముందు పద్నాలుగు నిజమైన కట్టుచొక్కాలు కుట్టాయి. కుట్టమన్నది ఆసుపత్రి. కుట్టెయ్ అన్నది నేను."

కింద నా పేరు, నేను ఆవిడకు ఏమవుతానో, తేదీ, సంతకం.

ఫొటోలు అట్టలకు అంటించే జిగురు డబ్బా గైడు బల్ల మీద ఉంది. అడగాలనుకున్నాను. ఆ పిల్ల ఎటో చూస్తూ దాన్ని బల్ల అంచుదాకా జరిపింది. వాళ్ళ చీటీని నేను ముట్టుకోలేదు. దాని కిందే, అంచులు కలిపి, నాది అతికించాను. ముప్పై మూడేళ్ళు చేసిన పనే కాబట్టి వంకర పోలేదు.

ఆఫీసరు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎంతసేపటినుంచో తెలియదు.

"అది తీసేయాల్సి వస్తుంది మాష్టారూ," అన్నాడు.

"తియ్యండి. నా దగ్గర ఇంకా ఉన్నాయి."

మరుసటి మంగళవారం వెళ్ళాను. చీటీ లేదు. బొమ్మ అలాగే ఉంది. మళ్ళీ రాసి అతికించాను. ఆ పై మంగళవారానికి చీటీ లేకపోగా, "ప్రదర్శన వస్తువుల వద్ద ఏమీ అంటించరాదు" అని పెద్దక్షరాలతో కొత్త బోర్డు పెట్టారు. పద్నాలుగు చొక్కాలు తగలబెట్టించినవాళ్ళకు లేని బోర్డు నాకు పెట్టారు. దాని పక్కనుంచే వెళ్ళి మూడో చీటీ అతికించాను. గుమాస్తా చూశాడు. ఈసారి పళ్ళు కొరుకుతూ రాశానేమో, కలం చీటీలో రెండు చోట్ల దిగబడింది.

బావమరిది మూడు వారాలు నాతో మాట్లాడలేదు. ఫోన్ చేస్తే వాళ్ళావిడ ఎత్తి, "ఉన్నారన్నయ్యగారూ, కానీ లేరని చెప్పమంటున్నారు," అంది. నాలుగో మంగళవారం గేటు దగ్గరికి వెళ్ళేసరికి, నేను సైకిలు ఆనించే చోట నిలబడి ఉన్నాడు.

"కోపం పోయిందా?" అన్నాను.

"లేదు," అన్నాడు. "నీ మీద వేరు, వాళ్ళ మీద వేరు. పద."

లోపల గైడు ఎవరికో చెబుతోంది. ఏడుపు స్పీకరు ఆగే ఉంది. కానీ మాటల ధోరణి అదే, హుషారు అదే. "ఈ చొక్కాలో ఒక పెద్ద తప్పుంది. చుట్టూ తిరిగి చూడండి, ముందుగా కనిపెట్టినవాళ్ళకి ఫొటో ఫ్రీ!" జనం పోటీపడి తిరుగుతున్నారు. "జేబు! జేబు!" అని అరుస్తున్నారు. మా ఆవిడ కుట్టిన జేబు పొడుపుకథ అయింది. నాకు ఒళ్ళు మండింది. అయినా ఒక ముసలాయన ఆ అరుపుల మధ్య వంగి, కళ్ళజోడు పైకి తోసుకుని, చీటీలు రెండూ మొదటినుంచి చివరిదాకా చదువుతున్నాడు.

రెండూ ఉన్నాయి. నాది ఎవరూ తియ్యలేదు. దగ్గరికి వెళ్ళి చూశాను. తొందరలో నేను సరిగ్గా నొక్కకపోవడంతో ఒక మూల లేచి ఉండాలి. ఆ మూలకు ఎవరో చిన్న టేపు ముక్క వేసి నొక్కారు. గోటితో గాలి బుడగలు లేకుండా తీశారు కూడా. అది గైడు పనో, గుమాస్తా పనో నేను అడగలేదు.

చొక్కా మాత్రం ఇంకా తిరగేసే ఉంది. కమిటీ కూర్చోవడానికి అయిదు నెలలుంది. నా కోపం తగ్గలేదు, తగ్గించుకునే ఉద్దేశం కూడా లేదు. ఖాళీ చీటీలు కొత్త కట్ట కొన్నాను.